కార్టూన్ల కృతిభర్తలు: తొలినాటి అమెరికన్ టీవీ బొమ్మల కథల్లో స్పాన్సర్ ప్రకటనలు

అమెరికన్ టెలివిజన్ తొలి పది పదిహేనేళ్లలో చాలా కార్యక్రమాలకు అసలు యజమాని స్పాన్సరే. రేడియో కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. సబ్బులో సిగరెట్లో కార్లో అమ్మే ఒక కంపెనీ నెట్‌వర్క్ దగ్గర అరగంట సమయం కొనుక్కునేది. ఆ అరగంటలో ఏం రావాలో కంపెనీ తరఫున ప్రకటనల ఏజెన్సీ తేల్చేది. రచయితలకూ నటులకూ ముట్టే డబ్బు అక్కణ్నుంచే వచ్చేది. నెట్‌వర్క్ చేసే పని చాలావరకు తరంగాలను అద్దెకివ్వడమే. అందువల్ల ప్రకటనకు అరగంటలో పరాయి స్థానం ఉండేది కాదు. కథ నడిపిన మనిషే కాస్త పక్కకు తిరిగి స్పాన్సర్ సరుకు గురించి నాలుగు మాటలు చెప్పేవాడు. 1930లలో జాక్ బెన్నీ రేడియోలో జెల్-ఓ అమ్మాడు. 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’లో లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ దంపతులు ఫిలిప్ మోరిస్ సిగరెట్లు అమ్మారు.

తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు మరీ కొత్తదేం కాదు. ప్రబంధానికి కృతిభర్త ఉంటాడు. అవతారికలో అతని వంశవర్ణన, షష్ఠ్యంతాల్లో అతనికి సమర్పణ, ఆశ్వాసం మొదటా చివరా అతనికి సంబోధన. టీవీ అరగంటకూ మొదట్లో ఫలానావారు సమర్పిస్తున్నారనే పలక, ముగింపులో మళ్లీ అదే పలక. తేడా ఒక్కటే: మనుచరిత్రలో ప్రవరుడు కథ మధ్యలో ఆగి పాదలేపం అమ్మడు. కార్టూన్ పాత్రలు అమ్మేవి.

ఈ వ్యాసం పరిధి ప్రధానంగా 1957 నుంచి 1974 దాకా, అంటే టీవీ కోసమే కార్టూన్లు తయారుచేసే పరిశ్రమ నిలదొక్కుకున్నప్పటి నుంచి పాత్రల చేత సరుకు అమ్మించడాన్ని నియమాలు ఆపినదాకా. ఆ ప్రకటనల్లో చాలావాటికి బొమ్మలు అవే, గొంతులూ అవే. కార్టూన్ చరిత్ర రాసేవాళ్లు వాటిని చిల్లర పనిగా తీసి పక్కన పెడుతుంటారు. అది పొరపాటు. ఆ కార్టూన్లు ఏ వేళకు వచ్చాయి, ఎంత పొదుపుగా కదిలాయి, ఎవరిని నవ్వించాయి అన్నవన్నీ స్పాన్సర్ డబ్బుతో ముడిపడ్డ విషయాలు. ఆ లెక్క తీసేస్తే కార్టూన్ సగమే అర్థమవుతుంది.

విలియం హనా, జోసెఫ్ బార్బెరా ఇద్దరూ ఎంజీఎం స్టూడియోలో టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు. టీవీ స్పాన్సర్లతో వీళ్ల పరిచయం ఎంజీఎంలో ఉండగానే మొదలైంది. ‘ఐ లవ్ లూసీ’ మొదట ప్రసారమైనప్పుడు దాని టైటిళ్లలో లూసీ, డెసిల గీతల బొమ్మలు ఫిలిప్ మోరిస్ పెట్టె చుట్టూ ఆడేవి. అవి గీయించింది హనా, బార్బెరాల బృందమే. తరవాతి తరాలకు ఆ సిరీస్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది శాటిన్ గుడ్డ మీద హృదయాకారం. పునఃప్రసారాలకు సిగరెట్ పెట్టె పనికిరాక దాని స్థానంలో వేసిన అతుకు అది. అసలు పోయి అతుకే అసలుగా నిలిచిపోవడం ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1957లో ఎంజీఎం కార్టూన్ విభాగాన్ని మూసేసింది. హనా, బార్బెరాలు సొంత కంపెనీ పెట్టుకుని, అదే ఏడాది డిసెంబరు 14న ఎన్‌బీసీలో ‘రఫ్ అండ్ రెడీ’ మొదలుపెట్టారు. డబ్బు విషయంలో పాత లోకానికీ కొత్త లోకానికీ పొంతన లేదు. సినిమా హాళ్ల కోసం తీసిన ఏడు నిమిషాల టామ్ అండ్ జెర్రీకి సుమారు 40,000 డాలర్లు అయ్యేది. టీవీలో అయిదు నిమిషాల బొమ్మకు దక్కింది 3,000 డాలర్ల లోపు. ఆ తేడాను పూడ్చింది పరిమిత యానిమేషన్. ఒంటిని కదలకుండా ఉంచి తల, పెదవులు, ఒక చెయ్యి మాత్రమే కొత్తగా గీస్తారు. మిగతా బొమ్మ ఉన్న పారదర్శక రేకు (సెల్) అలాగే ఉంటుంది. వీళ్ల ఎలుగుబంటి పాత్ర యోగి బేర్ మెడలో కాలరూ టైయీ ఉండడానికి ఇదే కారణమని యానిమేషన్ చరిత్రకారులు చెబుతారు. తలకూ మొండేనికీ మధ్య అతుకు గీత కాలర్ వెనక దాగిపోతుంది. కదలిక తగ్గిన కొద్దీ భారమంతా గొంతు మీద పడింది. డాస్ బట్లర్, డాన్ మెసిక్ లాంటి గాత్రనటులు రేడియో, టీవీ ప్రకటనల్లో ఆరితేరినవాళ్లు. గొంతుతో బతికే కార్టూన్‌ను ప్రకటనగా మార్చడం తేలిక: పాత్ర బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి, గొంతు సిద్ధంగా ఉంది, కావలసిందల్లా నిమిషం నిడివి మాటలు.

ఈ సౌకర్యాన్ని మొదట పూర్తిగా వాడుకున్నది మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ ఊరి కెలాగ్స్. పాలు పోసుకుని తినే కార్న్‌ఫ్లేక్స్ తరహా డబ్బా అల్పాహారాలు దాని వ్యాపారం. దాని ఏజెన్సీ షికాగోలోని లియో బర్నెట్. 1958లో ‘హకల్‌బెరీ హౌండ్ షో’ను కెలాగ్స్ నెట్‌వర్క్ జోలికి పోకుండా ఊరూరా స్థానిక స్టేషన్లలో సమయం కొని వేయించింది. పంపిణీ చేసింది కొలంబియా పిక్చర్స్ వారి టీవీ శాఖ స్క్రీన్ జెమ్స్. టైటిళ్లలోనే కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీది కోడిపుంజు కార్నీలియస్ హకల్‌బెరీ పక్కన కనిపించేది. కథల మధ్య హకల్‌బెరీ, యోగి, క్విక్ డ్రా మెక్‌గ్రా తామే డబ్బాలు పట్టుకుని వచ్చేవి. కొన్నాళ్లకు డబ్బాల మీదికే ఎక్కాయి: ఓకేస్ డబ్బా మీద యోగి, షుగర్ స్మాక్స్ మీద క్విక్ డ్రా, కోకో క్రిస్పీస్ మీద స్నాగిల్‌పస్. పిల్లవాడు సాయంత్రం టీవీలో చూసిన ఎలుగుబంటి పొద్దున బల్ల మీద డబ్బా రూపంలో ఎదురయ్యేది.

కథ నాణ్యత దీనివల్ల చెడిందా అంటే చెడిందని చెప్పలేం. 1960లో ‘హకల్‌బెరీ హౌండ్ షో’కు ఎమ్మీ బహుమతి వచ్చింది. ఆ గౌరవం అందుకున్న మొదటి యానిమేషన్ సిరీస్ అదే. పెద్దవాళ్లు కూడా దాన్ని ఇష్టంగా చూశారు. కార్టూన్‌ను పెద్దల వేళకు తీసుకుపోవచ్చునన్న ఆలోచనకు ఆ ఆదరణే ఊతమిచ్చింది.

‘ఫ్లింట్‌స్టోన్స్’ 1960 సెప్టెంబరు 30 శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు ఏబీసీలో మొదలైంది. రాత్రి ప్రధాన వేళల్లో వచ్చిన మొదటి యానిమేషన్ సిరీస్ ఇది. దాన్ని అమ్మడానికి బార్బెరా న్యూయార్క్‌లో ఎనిమిది వారాలు మకాం పెట్టి, కథాచిత్రాల బోర్డులు మోసుకుంటూ ఏజెన్సీల చుట్టూ, కంపెనీల చుట్టూ తిరిగాడు. ప్రతి గదిలోనూ అన్ని పాత్రల మాటలూ తానే పలికి వినిపించాడు. స్పాన్సర్ దొరికితేగానీ సిరీస్ లేదు. చివరికి ఒప్పుకున్నవాళ్లు ఇద్దరు: విన్‌స్టన్ సిగరెట్ల తయారీదారు ఆర్.జె. రేనాల్డ్స్, వన్-ఎ-డే విటమిన్లూ ఆల్కా-సెల్ట్‌జర్ బిళ్లలూ అమ్మే మైల్స్ లేబొరేటరీస్.

కార్టూన్‌కు సిగరెట్ స్పాన్సరా అని తరవాతి కాలం వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. 1960 నాటి లెక్క వేరు. ఫ్రెడ్, విల్మా, బార్నీ, బెట్టీ అనే రెండు జంటల సంసార హాస్యం అది. ‘హనీమూనర్స్’ అనే పెద్దల హాస్య సిరీస్ ఛాయలు అందులో స్పష్టంగా ఉన్నాయి. ఉద్దేశించిన ప్రేక్షకులు ఇంటి పెద్దలు. అప్పట్లో టీవీకి పెద్ద ఆదాయ వనరుల్లో సిగరెట్ కంపెనీలు ఉన్నాయి. ధూమపానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది 1964 జనవరిలో. ఈ సందర్భం చెప్పుకోవాల్సిందే. అయితే అది పూర్తి సమర్థన కాదు. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు బొమ్మల కథ వస్తుంటే పిల్లలు నిద్రపోతున్నారని ఏ ఏజెన్సీ నమ్మి ఉండదు.

ఫ్లింట్‌స్టోన్స్ పాత్రలు చేసిన విన్‌స్టన్ ప్రకటనల్లో అన్నిటికంటే పేరుమోసినది నలుపు తెలుపులో ఉంటుంది. భార్యలిద్దరూ పెరట్లో చెమటోడుస్తుంటారు. ఫ్రెడ్, బార్నీ చూస్తూ కూర్చుని, వాళ్లు అంత కష్టపడుతుంటే చూడలేకపోతున్నామని వాపోతారు. పరిష్కారంగా ఇంటి వెనక్కి వెళ్లిపోతారు, అక్కణ్నుంచి వాళ్లు కనబడరు గనక. అక్కడ విన్‌స్టన్ వెలిగించి దాని గుణగణాలు చెప్పుకుంటారు. కథలోని ఫ్రెడ్ స్వభావానికి ఇది అచ్చంగా సరిపోతుంది. బద్ధకం, ఉపాయం, భార్య కంట పడతానేమోనన్న బెరుకు, అన్నీ ఉన్నాయి. కథ రాసే చెయ్యే రాసిందా అనిపించేటంత సాఫీగా ఉంటుంది. ప్రకటన బలమూ అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. ప్రేక్షకుడు హాస్యానికి నవ్వుతున్నాడో సరుకును మెచ్చుకుంటున్నాడో విడదీసి చెప్పలేడు.

ఇంకో సంగతి గమనించాలి. ఆ సిరీస్ హాస్యమంతా ఆధునిక వస్తువులను రాతియుగానికి మార్చడం మీద నడుస్తుంది. కారుకు రాతి చక్రాలు, గ్రామఫోన్ ముల్లుగా పక్షి ముక్కు, చెత్త మింగడానికి సింకు కింద ఒక జంతువు. ప్రకటనలో విన్‌స్టన్ పెట్టె మాత్రం మారదు. అది దుకాణంలో దొరికే పెట్టెలాగే, అక్షరాలూ అంచులూ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫ్లింట్‌స్టోన్స్ ఉండే బెడ్‌రాక్ ఊళ్లో దేన్నైనా వెక్కిరించవచ్చు, స్పాన్సర్ సరుకును తప్ప.

స్పాన్సర్ ప్రభావం కథలోకి పాకిన సందర్భం మూడో ఏడాది వచ్చింది. 1963 ఫిబ్రవరి 22న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఫ్రెడ్, విల్మాలకు పెబుల్స్ పుట్టింది. మొదట అనుకున్నది మగపిల్లవాణ్ని. బొమ్మల కంపెనీ ఐడియల్‌తో మాట్లాడుతున్న వ్యాపార విభాగం, ఆడపిల్ల అయితే బొమ్మగా అమ్ముడుపోతుందని చెప్పడంతో కొడుకు కాస్తా కూతురయిందని బార్బెరా తరవాత వివరించాడు. పెబుల్స్ బొమ్మ అదే ఏడాది మార్కెట్లోకి వచ్చింది. ఆ రోజుల్లోనే విన్‌స్టన్ తప్పుకుంది, ద్రాక్ష రసం కంపెనీ వెల్చ్ వచ్చి చేరింది. పసిపాప ఉన్న ఇంట్లో సిగరెట్ ఎబ్బెట్టుగా ఉంటుందన్నది సాధారణంగా చెప్పే కారణం. సిరీస్‌ను చూసేవాళ్లలో పిల్లల వాటా ఎక్కువని అప్పటికి అందరికీ తెలిసిపోయింది, కాబట్టి పాప పుట్టినా పుట్టకపోయినా ఆ మార్పు ఎంతో కాలం ఆగేది కాదనిపిస్తుంది. వెల్చ్ ఆ పాత్రల బొమ్మలు అచ్చొత్తిన గాజు గ్లాసుల్లో జెల్లీ అమ్మింది. జెల్లీ అయిపోయాక గ్లాసు ఇంట్లో మిగిలేది.

సిరీస్ 166 ఎపిసోడ్లతో 1966 ఏప్రిల్ 1న ముగిసింది. పాత్రల చేత అమ్మించడం మాత్రం ముగియలేదు. 1967లో బుష్ బీరు కోసం తీసిన ఒక చిత్రంలో ఫ్రెడ్, బార్నీలు బీరు కొట్టారు. అది టీవీకి కాక కంపెనీ పంపిణీదారులకు చూపించడానికి తీసినది. 1968లో మైల్స్ సంస్థ ఫ్లింట్‌స్టోన్స్ పాత్రల ఆకారంలో, పిల్లలు నమిలి తినే విటమిన్ బిళ్లలు తెచ్చింది. 1971లో పోస్ట్ కంపెనీ పెబుల్స్ పేరుతో డబ్బా అల్పాహారం మొదలుపెట్టింది. స్పాన్సర్ కార్టూన్‌కు డబ్బు ఇచ్చే దశ పోయి, కార్టూన్ తన పేరును స్పాన్సర్‌కు అద్దెకిచ్చే దశ వచ్చింది.

కెలాగ్స్‌కు పోటీదారైన జనరల్ మిల్స్ వేరే దారి పట్టింది. 1959 నవంబరు 19న ఏబీసీలో మొదలైన ‘రాకీ అండ్ హిజ్ ఫ్రెండ్స్’ దాని సొమ్ముతో నడిచింది. ఏజెన్సీ న్యూయార్క్‌లోని డాన్సర్ ఫిట్జ్‌జెరాల్డ్ శాంపుల్. ఎగిరే ఉడుత రాకీ, దుప్పి బుల్‌వింకిల్ జోడీని జే వార్డ్, బిల్ స్కాట్ నడిపించారు. ఖర్చు తగ్గించడానికి బొమ్మల పనిని మెక్సికోలో గామా ప్రొడక్షన్స్ అనే స్టూడియోకు అప్పగించారు. ఒక దృశ్యంలో ఉన్న మీసం మరో దృశ్యంలో మాయమవడం, రంగులు తారుమారవడం లాంటి తప్పులు అక్కణ్నుంచే వచ్చాయి. అయినా ఆ సిరీస్‌ను మాటల చాకచక్యం నిలబెట్టింది. ప్రకటనలనూ టీవీనీ తుదకు తమ కార్యక్రమాన్నీ అది ఎడాపెడా ఎగతాళి చేసేది. అదే బుల్‌వింకిల్ జనరల్ మిల్స్ వారి చీరియోస్ ప్రకటనల్లో కనిపించేది కూడా. వెక్కిరింతకూ అమ్మకానికీ ఇక్కడ పొత్తు బాగానే కుదిరింది. స్పాన్సర్‌ను చూసి నవ్వగలిగిన ప్రేక్షకుడు స్పాన్సర్ మీద కోపం తెచ్చుకోడు.

జే వార్డ్ స్టూడియో ఆ తరవాతి కథ ఈ విషయానికి మరీ కీలకం. 1963లో క్వేకర్ ఓట్స్ కొత్త డబ్బా అల్పాహారం క్యాప్’న్ క్రంచ్‌కు పాత్రనూ ప్రకటనలనూ ఈ స్టూడియోయే తయారుచేసింది. కెప్టెన్‌కు గొంతు డాస్ బట్లర్‌ది. 1965లో క్విస్ప్, క్వేక్ అనే రెండు సరుకులకు పోటీ కథలు అల్లింది. కెప్టెన్ నిమిషం నిడివి ప్రకటనల్లో ఓడ, సిబ్బంది, విలన్, సాహసం అన్నీ ఉండేవి. 1967లో వచ్చిన ‘జార్జ్ ఆఫ్ ది జంగిల్’ తరవాత స్టూడియోకు ప్రధాన జీవనాధారం క్వేకర్ ప్రకటనలే. 1984లో ఆ పని పోయాక స్టూడియో మూతపడింది.

జనరల్ మిల్స్ ఏజెన్సీలో పనిచేసిన నలుగురు మరో అడుగు ముందుకేశారు. బక్ బిగర్స్, చెట్ స్టోవర్, జో హారిస్, ట్రెడ్‌వెల్ కవింగ్టన్ కలిసి టోటల్ టెలివిజన్ అనే నిర్మాణ సంస్థ పెట్టారు. ట్రిక్స్ ప్రకటనల కుందేలును సృష్టించిన జో హారిసే, 1964 అక్టోబరు 3న ఎన్‌బీసీలో మొదలైన ‘అండర్‌డాగ్’ పాత్రను రూపొందించాడు. ప్రకటన రాసేవాడే కార్టూన్ నిర్మాత అయ్యాక రెంటికీ మధ్య గోడ ఎక్కడుందో వెతకడం వృథా. 1969లో జనరల్ మిల్స్ చేయి వెనక్కి తీసుకోగానే ఆ సంస్థ కథ కూడా అయిపోయింది.

డబ్బా మీది బొమ్మ కార్టూన్ కావడం అన్నిటికంటే బాహాటంగా జరిగింది ‘లైనస్ ది లయన్‌హార్టెడ్’లో. 1964లో సీబీఎస్‌లో మొదలైన ఈ సిరీస్‌కు స్పాన్సర్ జనరల్ ఫుడ్స్ వారి పోస్ట్ శాఖ. సింహం లైనస్ క్రిస్పీ క్రిటర్స్ డబ్బా మీది బొమ్మ. షుగర్ బేర్ షుగర్ క్రిస్ప్ డబ్బా మీది బొమ్మ. మిగతా ముఖ్య పాత్రలు కూడా పోస్ట్ డబ్బాల మీద పుట్టినవే. షెల్డన్ లెనర్డ్, కార్ల్ రైనర్ లాంటి ప్రసిద్ధులు గొంతులిచ్చారు. అరగంటలో ప్రకటన ఎప్పుడు మొదలైందో కథ ఎప్పుడు ముగిసిందో పెద్దవాళ్లే తడుముకోవాలి. 1966లో ఏబీసీకి మారిన ఈ సిరీస్ 1969లో ఆగిపోయింది. అప్పటికే పిల్లల కార్యక్రమాల్లో పాత్రలు సరుకు అమ్మడం మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ కన్ను పడింది.

ఆట వస్తువుల కంపెనీల్లో ముందుగా మేల్కొన్నది మాటెల్. 1955లో ‘మిక్కీ మౌస్ క్లబ్’లో ఏడాది పొడవునా ప్రకటనలు వేయడానికి అయిదు లక్షల డాలర్లు పెట్టింది. అప్పటిదాకా క్రిస్మస్ ముందు మాత్రమే ప్రకటనలు ఇచ్చే ఆ వ్యాపారంలో అది సాహసమే. 1959లో తన పేరు ధ్వనించే ‘మ్యాటీస్ ఫన్‌డే ఫన్నీస్’ను ఏబీసీలో వేయించింది, ‘బీనీ అండ్ సెసిల్’ దాని కొనసాగింపుగా వచ్చింది.

స్పాన్సర్ చొరవ లేకపోతే పుట్టనే పుట్టని మంచి పని కూడా ఒకటుంది. ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ 1965 డిసెంబరు 9న సీబీఎస్‌లో ప్రసారమైంది. క్రిస్మస్‌కు ఒక ప్రత్యేక కార్యక్రమం కావాలని కోకా-కోలా తరఫున మెకాన్ ఎరిక్సన్ ఏజెన్సీ నిర్మాత లీ మెండెల్సన్‌ను అడిగింది. ‘పీనట్స్’ పత్రికా బొమ్మల కథ గీసే చార్ల్స్ షుల్జ్, మెండెల్సన్ హడావిడిగా కథాసారం రాసి పంపారు. దర్శకుడు బిల్ మెలెండెజ్. ఈ పీనట్స్ పాత్రలను మెలెండెజ్ మొదట కదిలించింది 1959లో, ఫోర్డ్ ఫాల్కన్ కారు ప్రకటనల కోసం. అంటే ఈ పాత్రల తెర జీవితం ప్రకటనతోనే మొదలైంది.

ఈ కథ సారాంశం పండగ వ్యాపారమైపోయిందని చార్లీ బ్రౌన్ పడే దిగులు. దానికి డబ్బు పెట్టింది ప్రపంచంలోకెల్లా పెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటి. ఆ వైరుధ్యం తెర మీదే కనిపించేది. మొదటి ప్రసారంలో, ఐస్ మీద స్కేటింగ్ చేసే దృశ్యం చివర కుక్క స్నూపీ విసిరిన విసురుకు చార్లీ స్నేహితుడు లైనస్ ఎగిరి కోకా-కోలా బోర్డుకు గుద్దుకుంటాడు. చివర్లో ఊరి కోకా-కోలా బాట్లర్ల పేర శుభాకాంక్షలు ఉండేవి. తరవాతి ప్రసారాల్లో అవి తీసేశారు. అందుకే ఇప్పుడు చూస్తే చార్లీ బ్రౌన్ చెట్టుకు గుద్దుకుంటాడు, లైనస్ ఏమైపోయాడో తెలియదు.

ఏక స్పాన్సర్ పద్ధతి సడలడానికి కారణాలు కార్టూన్ల బయట ఉన్నాయి. 1950ల చివర క్విజ్ కార్యక్రమాల్లో జవాబులు ముందే అందించారన్న కుంభకోణం బయటపడ్డాక నెట్‌వర్కులు కార్యక్రమాల మీద అదుపు తమ చేతికి తీసుకున్నాయి. ఖర్చు కూడా పెరిగింది. అరగంట మొత్తం కొనే బదులు నిమిషాల లెక్కన, వేరువేరు కార్యక్రమాల్లో కొనడం కంపెనీలకు లాభసాటి అయింది. 1960ల మధ్యనాటికి కార్టూన్లు రాత్రి వేళల నుంచి శనివారం ఉదయానికి తరలిపోయాయి. ఇప్పుడు ప్రేక్షకులు పూర్తిగా పిల్లలే, ప్రకటనలు పూర్తిగా పిల్లల సరుకులే.

సిగరెట్ విషయం చట్టంతో తేలింది. అధ్యక్షుడు నిక్సన్ 1970 ఏప్రిల్ 1న సంతకం చేసిన చట్టం ప్రకారం 1971 జనవరి 2 నుంచి రేడియో, టీవీల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. పిల్లల కార్టూన్ల ప్రకటనల మీద పోరాడింది మాత్రం ప్రధానంగా తల్లులు. మసాచుసెట్స్ రాష్ట్రం న్యూటన్‌లో 1968లో పెగ్గీ చారెన్, మరికొందరు కలిసి యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంఘం పెట్టారు. 1970లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ ముందు అర్జీ పెట్టారు. వాళ్ల వాదన సూటిగా ఉంది: చిన్నపిల్లలకు కథకూ ప్రకటనకూ తేడా తెలియదు, తాము నమ్మే పాత్రే అమ్మితే ఆ తేడా అసలే తెలియదు. విటమిన్ బిళ్లల మీద వాళ్ల పట్టు మరీ గట్టిది. అవి మందులు, మిఠాయిలా కనిపించేవి, మిఠాయిలా అమ్ముడయ్యేవి. ఒత్తిడికి తలొగ్గి 1972లో మైల్స్ సహా మూడు కంపెనీలు పిల్లల కార్యక్రమాల నుంచి విటమిన్ ప్రకటనలను విరమించుకున్నాయి.

అప్పటికే ఎఫ్‌సీసీ ముందు మరో ఫిర్యాదు వచ్చింది. 1969లో ఏబీసీలో మొదలైన ‘హాట్ వీల్స్’ కార్టూన్ మాటెల్ బొమ్మ కార్ల పేరు పెట్టుకున్నదే. పోటీ కంపెనీ టాపర్ ఇది అరగంట ప్రకటనేనని ఫిర్యాదు చేసింది. ఎఫ్‌సీసీ ఆ వాదనలో పస ఉందని ఒప్పుకుని, అందులో కొంత సమయాన్ని ప్రకటన సమయంగా లెక్క రాయమంది. సిరీస్ 1971లో ముగిసింది.

1974లో ఎఫ్‌సీసీ పిల్లల టీవీ మీద విధాన ప్రకటన వెలువరించింది. పాత్రలు తమ కార్యక్రమంలో సరుకు అమ్మకూడదంది. కథకూ ప్రకటనకూ నడుమ స్పష్టమైన విభజన ఉండాలంది. ప్రకటనల తరవాత మళ్లీ కలుద్దామని చెప్పే చిన్న తునకలు అమెరికన్ కార్టూన్లలో స్థిరపడింది అందువల్లే. ప్రకటనల నిడివికి కూడా హద్దులు పెట్టింది. అలా హకల్‌బెరీ, ఫ్రెడ్, సింహం లైనస్‌ల కాలపు పద్ధతి అధికారికంగా ముగిసింది.

వ్యాపారం వేరే సందు వెతుక్కుంది. 1983 సెప్టెంబరులో మాటెల్ బొమ్మల ఆధారంగా ‘హీ-మ్యాన్’ వచ్చింది; 1984లో ఎఫ్‌సీసీ నిడివి హద్దులు ఎత్తేయగానే ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ లాంటివి వరస కట్టాయి. పాత్ర కథ ఆపి సరుకు అమ్మనక్కర్లేదు, పాత్రే సరుకు. 1990 చిల్డ్రన్స్ టెలివిజన్ చట్టం గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మామూలు రోజుల్లో 12 నిమిషాలు అని హద్దు మళ్లీ పెట్టింది. అయితే ‘కార్యక్రమం నిడివి ప్రకటన’కు ఎఫ్‌సీసీ ఇచ్చిన నిర్వచనం ఇరుకైనది. ఒక సరుకు పేరు మీద నడిచే కార్యక్రమంలో అదే సరుకు ప్రకటన వేస్తేనే అది తప్పు. ‘హీ-మ్యాన్’ మధ్యలో హీ-మ్యాన్ బొమ్మ ప్రకటన వేయకూడదు, ‘హీ-మ్యాన్’ వేసుకోవచ్చు. అసలు ఫిర్యాదు దేని మీదో దాన్ని ఈ నిర్వచనం ముట్టుకోలేదు.

‘హీ-మ్యాన్’ను తెలుగు పిల్లలు దూరదర్శన్‌లో చూశారు. అంతకు ముందు తరం కార్టూన్లు ఇక్కడికి విస్తారంగా వచ్చింది 1995లో భారత్‌లో కార్టూన్ నెట్‌వర్క్ మొదలయ్యాక. హైదరాబాదులో, విజయవాడలో పిల్లలు చూసిన ఫ్లింట్‌స్టోన్స్ కూడా విన్‌స్టన్ ఆనవాళ్లు తుడిచిన ఫ్లింట్‌స్టోన్సే.

ఆ తుడుపు పునఃప్రసారాలతో మొదలైంది. 1966 తరవాత ‘ఫ్లింట్‌స్టోన్స్’ ఎపిసోడ్లను స్థానిక స్టేషన్లకు అమ్మేటప్పుడు స్పాన్సర్ పలకలు కత్తిరించారు. మొదటి రెండేళ్ల టైటిళ్లకు బదులు మూడో ఏడాది వచ్చిన పాటతో సహా కొత్త టైటిళ్లు అతికించారు. ప్రేక్షకుల్లో చాలామంది ఆ పాట మొదటి నుంచీ ఉందనుకున్నారు. పాత టైటిళ్లను 1990లలో మళ్లీ వెదికి పెట్టారు. 2004లో వచ్చిన మొదటి డీవీడీలో అవి ఉన్నాయి. ‘హకల్‌బెరీ హౌండ్’ టైటిళ్ల నుంచి కెలాగ్స్ పోయింది. ప్రబంధం అచ్చువేసేవాళ్లు కృతిభర్త పద్యాలు తీసెయ్యరు. కార్టూన్ అమ్మేవాళ్లకు అలాంటి పట్టింపు లేదు, ఎందుకంటే కొత్త ప్రకటనలకు చోటు కావాలి.

కథల నెగెటివ్‌లను స్టూడియోలు భద్రపరిచాయి. ప్రకటనలు ఏజెన్సీల ఆస్తి, ప్రచారం అయిపోయాక వాటికి విలువ లేదు. అవి మిగిలింది చాలావరకు స్టేషన్లకు పంపిన 16 ఎంఎం ప్రింట్లలో. స్టేషన్లు పారేసినవాటిని సేకరణదారులు దాచుకున్నారు, విన్‌స్టన్ ప్రకటన లాంటివి ఆ దారిన బయటికి వచ్చాయి. కంపెనీలే పూనుకుని దాచిన సందర్భాలు తక్కువ. కోకా-కోలా తన టీవీ ప్రకటనల సేకరణను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తున్నట్టు 2000లో ప్రకటించింది. ఆ ప్రకటనలు ఏ కార్యక్రమాల మధ్య వచ్చాయో వాటిలో చాలావాటి ప్రసార రూపం మాత్రం ఎక్కడా ఒక్కచోట లేదు. కథ ఒకచోట, టైటిళ్లు ఒకచోట, ప్రకటన ఇంకొకచోట ఉన్నాయి. పరిశోధకులు ప్రసార తేదీలను పట్టుకుని వాటిని జతచేసుకుంటున్నారు.